ముందు గుడ్లగూబని చూడు

తెనాలి

చి. మైథిలికి,

బెంగుళూరులో పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే వీధిలో అందరికీ చెప్పుకున్నాను. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. సంతోషంతో పాటు కొంచెం బెంగ కూడా మొదలైంది. ఎందుకంటే అందులో పరికరాల పేర్లు బోలెడున్నాయి గానీ జంతువు పేరు ఒక్కటీ లేదు. న్యూరోపిక్సెల్స్ వాడే ల్యాబ్‌లో చేరాలా, టూ-ఫోటాన్ మైక్రోస్కోప్ ఉన్నచోట చేరాలా, కనెక్టోమ్, అంటే మెదడు తీగల పటం, గీసేవాళ్ళ దగ్గరికి వెళ్ళాలా అని అడిగావు. మెదడులోని నాడీవలయాలు, ఇంద్రియాలు, ప్రవర్తన, ఈ మూడూ నీ పరిశోధనాంశం అన్నావు. మొదటి రెండింటి గురించి మూడు పేజీలు రాసి, మూడోదాన్ని ఒక్క ముక్కలో తేల్చేశావు.

పరికరాల్ని నేను తక్కువ చెయ్యను తల్లీ. మేం పని మొదలుపెట్టిన రోజుల్లో ఒక ఎలక్ట్రోడ్ దింపి, ఒక్క న్యూరాన్ చప్పుడు వినడం కోసం రాత్రంతా కూర్చునేవాళ్ళం. 2017లో వచ్చిన న్యూరోపిక్సెల్స్ సూది మీద సెంటీమీటరు పొడవునా 960 చోట్ల సంకేతం అందుకునే బిందువులున్నాయి. వాటిలో 384 ఒకేసారి పనిచేస్తాయి. ఆ సూది మా వయసులో మాకు దొరికి ఉంటే ఎగిరి గంతేసేవాళ్ళం. కానీ నువ్వు డిగ్రీ పుచ్చుకునేలోపే దాన్ని మించింది వస్తుంది. పరికరం మీద చెయ్యి తిరగడానికి కొన్ని నెలలు చాలు. ఏ జీవి, ఏ పని, ఎలా చేస్తోందన్న ప్రశ్నని తయారు చేసుకోవడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది. కాబట్టి మొదలుపెట్టాల్సింది అక్కడ. ఈ ఉత్తరంలో నేను చెప్పదలుచుకున్నది అంతే. మిగతాదంతా ఎందుకు అలా అంటున్నానో చెప్పడమే.

నా ఉద్యోగమంతా వినికిడి మీద గడిచింది కనక గుడ్లగూబ కథతో చెబుతాను. దీన్ని మాత్రం మీ అమ్మమ్మకి చదివి వినిపించకు, గుడ్లగూబ పేరెత్తితే శాంతి చేయించమంటుంది. నేను చెప్పేది బార్న్ ఔల్ గురించి. పాత గుళ్ళ గోపురాల్లోనూ పాడుబడ్డ మేడల్లోనూ కాపురముండే తెల్ల గుడ్లగూబ అది.

అమెరికాలో రోజర్ పేన్ అనే కుర్రవాడు 1950ల చివర్లో ఒక చిన్న ప్రశ్న వేసుకున్నాడు. ఈ పక్షి చిమ్మచీకట్లో ఎలుకని ఎలా పట్టుకుంటుంది? వెలుతురు బొత్తిగా చొరని గదిలో నేల మీద ఎండుటాకులు పరిచి, ఎలుకని వదిలాడు. గుడ్లగూబ పట్టుకుంది. చూసి పట్టలేదని తేలింది. మరి వాసన పట్టిందా? ఒంటి వేడి పసిగట్టిందా? ఈసారి ఎలుకంత కాయితపు ఉండని దారం కట్టి ఆకుల్లో లాగాడు. దానికి ఎలుక వాసనా లేదు, వేడీ లేదు, గలగలమన్న చప్పుడు తప్ప. పక్షి వచ్చి ఆ ఉండనే తన్నింది. ఒక చెవిలో దూది పెడితే గురి తప్పింది. ఖర్చు చూస్తే ఎండుటాకులు, దారం, కాయితం, దూది. మెదడు జోలికి అతను పోలేదు. కానీ ఆ తర్వాత యాభై ఏళ్ళ పాటు మెదడులో వెతికినవాళ్ళందరికీ ఏం వెతకాలో ఆ ప్రయోగాలే చెప్పాయి. ఈయనే తర్వాతి కాలంలో తిమింగలాల పాటల మీద పనిచేసి లోకానికంతా తెలిశాడు.

వినడం ద్వారా చోటు కనిపెట్టడం ఎంత కష్టమో ఒక్క క్షణం ఆలోచించు. కంటి విషయం వేరు. ఎదుట ఎడమన ఉన్నదీ కుడిన ఉన్నదీ రెటీనా మీద వేర్వేరు చోట్ల పడతాయి కాబట్టి లోకం పటం కంట్లోనే తయారుగా ఉంటుంది. చర్మమూ అంతే. చెవికి ఆ సదుపాయం లేదు. లోపలి చెవిలోని కాక్లియా శబ్దాన్ని కీచు, మధ్యమం, బొంగురు అని స్థాయిని బట్టి వేరు చేస్తుందే గానీ, అది ఏ దిక్కు నుంచి వచ్చిందన్నది దాని మీద ఎక్కడా అచ్చుపడదు. అంటే దిక్కుని మెదడు లెక్కకట్టి తెలుసుకోవాలి. దేనితో లెక్కకడుతుంది? ముఖ్యంగా దొరికేవి రెండు ఆధారాలు. శబ్దం రెండు చెవులకీ చేరే సమయంలో తేడా, రెండు చెవుల్లో వినబడే బలంలో తేడా.

మనకి ఈ రెండూ అడ్డంగా ఎడమ కుడి చెప్పడానికే ఎక్కువగా పనికొస్తాయి. ఆ గుడ్లగూబ ఇంకో అడుగు ముందుకు వేసింది. దాని ఎడమ చెవి కాస్త పైన ఉండి కిందికి చూస్తుంది, కుడి చెవి కాస్త కింద ఉండి పైకి చూస్తుంది. ఈకల కింద దాగి ఉంటాయి కనక పైకి కనబడవు. ఆ వంకర వల్ల కింది నుంచి వచ్చే చప్పుడు ఎడమ చెవికి, పై నుంచి వచ్చేది కుడి చెవికి గట్టిగా వినిపిస్తుంది. అందువల్ల సమయంలో తేడా అడ్డం కొలతనీ, బలంలో తేడా నిలువు కొలతనీ ఇస్తాయి. ఒకటి రెండు డిగ్రీల లోపు గురి కుదురుతుంది. చెట్టు కొమ్మ మీద కూర్చుని కింద నేల మీద పాకే ఎలుకని పట్టేవాడికి నిలువు కొలత ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. చూశావా, మెదడులోకి ఇంకా వెళ్ళలేదు. కానీ నాడీవలయం ఏ రెండు సంఖ్యల్ని వేరువేరుగా లెక్కించి ఎక్కడో ఒకచోట కలపాలో మనకి ముందే తెలిసిపోయింది.

ఇప్పుడు లోపలికి వెళ్ళాలి. క్యోటోలో పుట్టిన మసకాజు కొనిషి అమెరికా వెళ్ళి, కాల్టెక్‌లో ఈ పక్షుల్ని పెంచుతూ పనిచేశాడు. అతని ల్యాబ్‌లో ఎరిక్ నుడ్‌సెన్ పక్షి తల చుట్టూ అర్ధగోళంలో ఎక్కడికైనా జరపగలిగే స్పీకర్ అమర్చి, మధ్యమెదడులోని ఒక భాగంలో న్యూరాన్లు వింటూ కూర్చున్నాడు. 1978లో ఇద్దరూ కలిసి ప్రకటించిన ఫలితం ఇది: అక్కడ ఒక్కో న్యూరానూ ఆకాశంలో ఒక్కో చోటి నుంచి వచ్చే శబ్దానికి మాత్రమే స్పందిస్తుంది. పక్కపక్క న్యూరాన్లకి పక్కపక్క చోట్లు. చెవిలో లేని పటం మెదడులో ఉంది, మెదడే దాన్ని లెక్కకట్టి గీసుకుంది. నీ పాఠ్యపుస్తకంలో ఈ ఫలితం ఒక బొమ్మగా ఉంటుంది. ఆ బొమ్మ చూసి ఊరుకోకుండా, స్పీకర్‌ని జరపాలన్న ఆలోచన వాళ్ళకి ఎందుకు వచ్చిందో ఆలోచించు. అప్పటిదాకా ఎక్కువమంది చెవి దగ్గర స్వరాలు వినిపించి న్యూరాన్ దేనికి పలుకుతుందా అని చూసేవాళ్ళు. పక్షికి కావలసింది స్వరం కాదు, చోటు. పక్షి పని తెలిసినవాళ్ళు కాబట్టి చోటు మార్చి చూశారు.

దాని తర్వాతి మెట్టు నాకు ఇంకా ఇష్టం. సమయాన్నీ బలాన్నీ మెదడు వేరు వేరు దారుల్లో పంపుతోందని అనుమానం వచ్చింది. మెదడు కాండంలో శ్రవణనాడి చేరే రెండు కేంద్రకాలున్నాయి. 1984లో టకహాషి, మొయిసెఫ్, కొనిషి ఒక్కో కేంద్రకంలో లిడోకెయిన్ ఎక్కించారు. పళ్ళ డాక్టరు చిగుళ్ళకి ఇచ్చే మత్తు మందే. ఒకదానికి మత్తిస్తే పైనున్న పటపు న్యూరాన్లు సమయపు తేడాని గుర్తించలేకపోయాయి గానీ బలపు తేడాని మామూలుగానే గుర్తించాయి. రెండోదానికి మత్తిస్తే సరిగ్గా తలకిందులు. వెలుతురుతో న్యూరాన్లని ఆపే ఆప్టోజెనెటిక్స్ రావడానికి ఇరవై ఏళ్ళ ముందు సంగతి ఇది. సాధనం మొరటుదే, ప్రశ్న మాత్రం నిశితంగా ఉంది. ఏది ఆపితే ఏది పోవాలో, ఏది నిలవాలో ముందే చెప్పగలిగారు కాబట్టి జవాబు అంత స్పష్టంగా వచ్చింది.

సమయం కొలిచే పద్ధతి సంగతి ఇంకా విచిత్రం. గుడ్లగూబ తల చిన్నది, రెండు చెవుల మధ్య తేడా ఎంత ఎక్కువైనా సుమారు 200 మైక్రోసెకన్లు. అందులో 10 మైక్రోసెకన్ల తేడాని కూడా అది పట్టగలదు. ఒక న్యూరాన్ స్పైకే దాదాపు 1,000 మైక్రోసెకన్లు ఉంటుంది. అంటే గడియారం ముల్లు కదలికలో నూరో వంతుని చదవాలి. ఎలాగో 1948లోనే లాయిడ్ జెఫ్రెస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కాగితం మీద ఊహించాడు. తెనాలి నుంచి ఒకడు, గుంటూరు నుంచి ఒకడు ఒకే వేగంతో ఎదురెదురుగా బయల్దేరారనుకో. వాళ్ళు ఏ ఊళ్ళో ఎదురుపడ్డారో తెలిస్తే ఎవరు ఎంత ముందు బయల్దేరారో చెప్పెయ్యొచ్చు. అలాగే రెండు చెవుల నుంచి వచ్చే తీగలు ఎదురెదురుగా పోతూ, దారి పొడవునా ఉన్న న్యూరాన్లని తాకుతాయి. రెండు సంకేతాలూ ఒకేసారి అందిన న్యూరాన్ మాత్రమే గట్టిగా పలుకుతుంది. ఏ న్యూరాన్ పలికిందన్నదే సమయపు కొలత. నలభై ఏళ్ళ తర్వాత క్యాథరిన్ కార్, కొనిషి గుడ్లగూబ మెదడులో అచ్చం అలాంటి అమరికనే చూపించారు. ఒక చెవి తీగలు పై నుంచి, రెండోదాని తీగలు కింది నుంచి ఒకే కేంద్రకంలోకి వస్తాయి, లోపలికి వెళ్ళేకొద్దీ ఆలస్యం క్రమంగా పెరుగుతుంది.

ఇంత చక్కని కథ విన్నాక ఎవరికైనా ఆశ పుడుతుంది. అన్ని చెవులూ ఇలాగే పనిచేస్తాయేమో అని. ఇక్కడే జాగ్రత్త. క్షీరదాల్లో వెతికినప్పుడు వేరే సంగతి బయటపడింది. 2001, 2002లో గినీ పిగ్‌ల మీదా జెర్బిల్‌ల మీదా వచ్చిన పనిలో, చాలా న్యూరాన్లు ఆ జంతువు తలకి అసలు సాధ్యమే కాని సమయపు తేడాకి ఎక్కువగా పలుకుతున్నాయని తేలింది. వాటి స్పందన శిఖరం ఎక్కడో బయట ఉంది, ఏటవాలు మాత్రం అసలైన కొలతలు ఉండే చోట పడుతోంది. కాబట్టి ఎవరు పలికారన్నది కాకుండా, కుడి పక్క సమూహం ఎంత, ఎడమ పక్క సమూహం ఎంత అని పోల్చి దిక్కు తెలుసుకుంటున్నాయని ఒక వాదం బలపడింది. జెర్బిల్‌లో ఆ అమరికకి సరిగ్గా సమయానికి వచ్చే నిరోధక సంకేతాలు సాయపడుతున్నాయని కూడా చూపించారు. అదే లెక్క, రెండు విధాల పరిష్కారం. గుడ్లగూబలో దొరికింది తప్పు కాలేదు, గుడ్లగూబకి నిజమైంది. అందరి చెవులకీ అంటగట్టినప్పుడే అది తప్పవుతుంది. నీ పేపర్ శీర్షికలో జంతువు పేరు ఉంచమని ఎవరైనా గైడ్ అడిగితే విసుక్కోకు.

ఒక పనికి ఒక జంతువు చాలదనడానికి మన దగ్గరే ఇంకో ఉదాహరణ ఉంది. దక్షిణ దేశపు గుహల్లో, పాత కట్టడాల్లో ఉండే మెగాడెర్మా లైరా అనే గబ్బిలం చీకట్లో ఎర చేసే గలగల విని కూడా దాన్ని పట్టుకోగలదు. చాలా గబ్బిలాల్లా ప్రతిధ్వని మీదే ఆధారపడదు. అంటే గుడ్లగూబ చేసే పనే, కానీ క్షీరదం చెవితో, క్షీరదం మెదడుతో. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడగల విద్యార్థి చేతిలో పరికరం ఏదైనా పనికొస్తుంది. 1929లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్ అన్నాడు, ప్రతి సమస్యకీ దాన్ని చదవడానికి బాగా వీలైన జంతువు ఎక్కడో ఒకటి ఉంటుందని. ఎలుక, చుంచు తప్ప ఇంకేమీ లేని ల్యాబ్‌లో కూడా ఆ మాట గుర్తుంచుకో. చుంచు దేనికి వీలైన జంతువో, దేనికి కాదో ఆలోచించు.

మన దేశంలో ఈ పద్ధతికి మంచి వారసత్వం ఉంది, నువ్వు వెళ్ళే ఊళ్ళోనే. ఒబైద్ సిద్దిఖీ 1962లో బొంబాయి టీఐఎఫ్‌ఆర్‌లో మాలిక్యులర్ బయాలజీ విభాగం స్థాపించారు, తర్వాత బెంగుళూరులో ఎన్‌సీబీఎస్‌ని నిలబెట్టారు. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన వెరొనికా రోడ్రిగ్స్, ఆయనా కలిసి 1970ల్లో పండ్ల ఈగలకి వాసనలు చూపించి, ఏ ఈగ దగ్గరికి వస్తుందో, ఏది పట్టించుకోదో వేరు చేశారు. ప్రవర్తన తేడాగా ఉన్న ఈగల్లో జన్యువు ఎక్కడ మారిందో వెతికారు. వాసన గ్రాహకాల జన్యువుల్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ ఎలుకల్లో కనిపెట్టింది 1991లో, ఈగల్లో అవి బయటపడింది 1999లో. గ్రాహకం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియని రోజుల్లోనే, ఈగ నడిచే దిక్కుని బట్టి వీళ్ళు ఇంద్రియపు తాళం చెవులు వెతికారు. ఎన్‌సీబీఎస్ లైబ్రరీలో వాళ్ళ పాత పేపర్లు తీసి చదువు. పద్ధతుల భాగం ముఖ్యంగా చదువు.

ఇక పెద్ద పెద్ద పటాల సంగతి. 302 న్యూరాన్లున్న చిన్న పురుగు సీ. ఎలిగాన్స్ నాడీమండలం మొత్తం తీగలు 1986లోనే అచ్చయ్యాయి. 2024 అక్టోబరులో ఆడ పండ్ల ఈగ మెదడు పటం పూర్తయింది: 1,39,255 న్యూరాన్లు, 5 కోట్లకు పైగా సినాప్స్‌లు. ఎంతమంది ఎన్నేళ్ళు కూర్చుని చేసిన పనో అది, చేతులెత్తి మొక్కాలి. కానీ పురుగు పటం చేతికొచ్చి నలభై ఏళ్ళయినా పురుగు చేసేవన్నీ మనకి తెలిసిపోలేదు. తీగలు కనబడతాయి గానీ, ఒక తీగ మీద సంకేతం బలంగా పోతుందా బలహీనంగా పోతుందా అన్నది చుట్టూ ఉన్న రసాయనాలని బట్టి, జంతువు ఆకలిని బట్టి మారుతుంది. పీత కడుపుని నడిపించే సుమారు 30 న్యూరాన్ల చిన్న ముడి మీద ఈవ్ మార్డర్ జీవితకాలం పనిచేశారు. 2004లో ఆమె బృందం కంప్యూటర్ నమూనాల్లో చూపించింది ఏమిటంటే, లోపలి కొలతలు ఒకదానికొకటి పోలికే లేకపోయినా బయటికి వచ్చే లయ ఒకటే కావచ్చు. కాబట్టి కనెక్టోమ్ ల్యాబ్‌లో చేరదలిస్తే చేరు, ఆ పటంలో ఏ పని దారిని వెతుకుతున్నావో తెలుసుకుని చేరు.

నిన్ను బాగా మోసం చేయబోయేది ఇంకోటుంది. ఒక న్యూరాన్ ఏదో సమయంలో పలికింది కాబట్టి ఆ పని అదే చేస్తోందనుకోవడం. కోతులు తెర మీద చుక్కలు ఎటు కదులుతున్నాయో చెప్పే పరీక్షలో ఎల్‌ఐపీ అనే కార్టెక్స్ భాగం నిర్ణయానికి తగ్గట్టు మెల్లగా పుంజుకుంటుందని ఎన్నో ఏళ్ళుగా చూశారు. నిర్ణయం అక్కడే జరుగుతోందని చాలామంది రాశారు. 2016లో ఒక బృందం ఆ భాగాన్ని మందుతో నిద్రపుచ్చి చూసింది. కోతి నిర్ణయాల్లో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. అదే కదలికని చదివే ఎంటీ భాగాన్ని నిద్రపుచ్చితే కోతి తడబడిపోయింది.

ఆపి చూస్తే చాలా అంటే, అదీ చాలదు. హార్వర్డ్‌లోని ఓల్వెజ్కీ బృందం 2015లో చూపింది: ఎలుక నేర్చుకున్న ఒక నైపుణ్యాన్ని, మోటార్ కార్టెక్స్‌ని అప్పటికప్పుడు నొక్కేస్తే చేయలేకపోయింది. ఆ భాగాన్నే శాశ్వతంగా తీసేసిన ఎలుకలు మాత్రం కోలుకున్నాక చేయగలిగాయి. హఠాత్తుగా ఒకచోట నోరు మూయిస్తే, దానితో సంబంధం ఉన్న మిగతా చోట్లు గందరగోళపడతాయి. ఆ గందరగోళాన్ని మనం అవసరం అని చదువుకుంటాం. నువ్వు రేపు లేజర్ వెలిగించి న్యూరాన్లని ఆపినప్పుడు జంతువు పని చెడితే, ఆ రాత్రి సంబరం చేసుకోకు. చెడినదేమిటో దగ్గరగా చూడు. గురి తప్పిందా, కదలడం మానేసిందా, భయపడిందా, నీరసపడిందా? ప్రశ్న దాని పనిని బట్టి ఉంటే ఇవన్నీ వేరు చేయగలవు. మీట నొక్కిందా లేదా అన్న ఒకే గడి ఉన్న పట్టికతో వేరు చేయలేవు.

ఎరిక్ జోనాస్, కొన్రాడ్ కోర్డింగ్ అనే ఇద్దరు 2017లో దీన్ని నవ్వుకునేలా నిరూపించారు. పాత వీడియో గేముల్ని నడిపిన 6502 మైక్రోప్రాసెసర్‌ని ఒక మెదడుగా భావించి, మన పద్ధతులన్నీ దాని మీద ప్రయోగించారు. ఒక్కో ట్రాన్సిస్టర్‌ని చెరిపేస్తే కొన్నిటి వల్ల డాంకీ కాంగ్ ఆట ఒక్కటే ఆగింది, మిగతా ఆటలు నడిచాయి. మన లెక్క ప్రకారం అయితే అది డాంకీ కాంగ్ ట్రాన్సిస్టర్ అనాలి. అలా అంటే ఇంజినీర్ ఎవరైనా నవ్వుతాడు. మెదడులో ప్రేమ కేంద్రం దొరికింది, కోపపు న్యూరాన్ దొరికింది అని పేపర్లో చదివినప్పుడల్లా ఆ ట్రాన్సిస్టర్‌ని తలుచుకో. రేపు విలేకరి నీకే మైకు పెడితే ఇంకా బాగా తలుచుకో.

గుడ్లగూబ దగ్గరికి మళ్ళీ ఒకసారి రానీ, ఎందుకంటే నీ ప్రయోగపు గదికి సంబంధించిన సంగతి అక్కడ ఉంది. నుడ్‌సెన్ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో గుడ్లగూబలకి పట్టకపు కళ్ళద్దాలు పెట్టాడు. కంటికి లోకం పక్కకి జరిగి కనబడుతుంది, చెవికి మాత్రం ఉన్నచోటే వినబడుతుంది. పిల్ల పక్షుల్లో వినికిడి పటం కొన్ని వారాల్లో కంటికి తగ్గట్టు జరిగిపోయింది. ఎదిగిన పక్షుల్లో పెద్దగా జరగలేదు. ఎదిగిన మెదడు గట్టిపడిపోతుందని సులువుగా రాసెయ్యొచ్చు. వాళ్ళు ఊరుకోలేదు. 2002లో అద్దాల వంపుని కొంచెం కొంచెంగా పెంచుతూ పోయి చూస్తే, పెద్ద పక్షులూ మునుపటి కన్నా చాలా ఎక్కువ నేర్చుకున్నాయి. 2005లో ఇంకో మార్పు చేశారు: చచ్చిన ఎలుకని పెట్టకుండా బతికున్న ఎలుకని వదిలి వేటాడనిచ్చారు. వేటాడిన పెద్ద పక్షుల్లో పటం చాలా ఎక్కువగా జరిగింది. మెదడు ఎంత మారగలదన్నది మనం దానికి ఏ పని ఇచ్చామన్నదాన్ని బట్టి ఉంది. చిన్న పంజరంలో పెట్టి, ఒకే తిండి పెట్టి, ఒకే మీట నొక్కించి కొలిచిన మెదడుని చూసి మెదడంటే ఇంతే అనుకోవద్దు.

ఆచరణకి వస్తాను. జంతువుని కెమెరాతో ఎప్పుడూ చూస్తూ ఉండు. చుంచుల కంటి కార్టెక్స్‌లో పదివేల న్యూరాన్లని ఒకేసారి విన్న 2019 నాటి పనిలో, చీకట్లో కూడా ఆ న్యూరాన్ల చప్పుడులో పెద్ద భాగాన్ని చుంచు మీసాలు ఆడించడం, ముఖం కదపడం వంటివి వివరించాయి. కెమెరా లేకపోతే అదంతా గోల అని తీసేసేవాళ్ళు, లేదా ఇంకేదో గొప్ప సంకేతమని రాసేసేవాళ్ళు. నీ నోటు పుస్తకంలో రోజూ సంఖ్యలకి ముందు రెండు వాక్యాలు ఆ జంతువు గురించి రాయి. తిన్నదా, చురుగ్గా ఉందా, నిన్న చేసిన పొరపాటు మళ్ళీ చేసిందా, ఎలా పొరపాటు చేసింది. పొరపాట్లు సరైన జవాబుల కన్నా ఎక్కువ చెబుతాయి. గుడ్లగూబ ఎడమకి తప్పుతోందా, కిందికి తప్పుతోందా అన్నదాని నుంచే రెండు దారుల సంగతి పసిగట్టవచ్చు.

జంతు నైతిక సంఘం అనుమతి పత్రాన్ని గుమస్తా పని అనుకోకు. ఎన్ని జంతువులు కావాలి, ఎందుకు అన్ని కావాలి, నొప్పి ఎలా తగ్గిస్తావు అని వాళ్ళు అడిగే ప్రశ్నలకి నిజంగా జవాబు రాస్తే నీ ప్రయోగం సగం బాగుపడుతుంది. అంత జవాబు రాయలేకపోతే ఆ ప్రయోగం మొదలుపెట్టొద్దు. జంతువులకి తిండి పెట్టే సిబ్బందితో మర్యాదగా ఉండు, టీ తాగుతూ కబుర్లాడు. ఏ జంతువు ఎప్పుడు ఏం చేస్తుందో వాళ్ళకి తెలిసినంత మీ గైడ్‌కి కూడా తెలియకపోవచ్చు.

చివరికి నీ ప్రశ్న. ఏ ల్యాబ్? మొదటి ఏడాది రొటేషన్లు ఉంటాయి కదా, మూడు చోట్లకీ వెళ్ళు. వెళ్ళిన మొదటి రోజు మైక్రోస్కోప్ చూపించమనకు, జంతువుల్ని చూపించమను, అవి పరీక్ష చేస్తున్న వీడియో చూపించమను. సీనియర్ విద్యార్థిని, జంతువు ఓడిపోయినప్పుడు ఏం చేస్తుందమ్మా అని అడుగు. వెంటనే కళ్ళు మెరిసి చెప్పడం మొదలుపెడితే అది మంచి ల్యాబ్. గైడ్‌ని, జంతువుకి ఇంద్రియాల ద్వారా అందుతున్నదేమిటి, అందనిదేమిటి, ఆ లోటుని పూడ్చడానికి ఏ లెక్క చెయ్యాలి అని అడుగు. ఐదు నిమిషాల్లో సాదా మాటల్లో చెప్పగలిగితే ఆ గది గోడల మీద ఏ పరికరం ఉన్నా సరే చేరు. నేర్పవలసినవన్నీ వాళ్ళే నేర్పుతారు. పరికరం పేరుతో జవాబు మొదలుపెడితే మర్యాదగా టీ తాగి వచ్చెయ్యి.

ఆగస్టులో చేరేలోపు నాకో పేజీ రాసి పంపు. ఒక జంతువు, అది చేసే ఒక పని, దాని చెవికో కంటికో ముక్కుకో అందే సమాచారం, అందులో తక్కువైంది, ఆ తక్కువని మెదడు ఎలా పూడ్చుతోందని నీ ఊహ, ఏ ఫలితం వస్తే నీ ఊహ తప్పని ఒప్పుకుంటావు. ఆ ఆరింటికీ జవాబులుండాలి. పరికరం పేరు ఒక్కటి కనబడినా వెనక్కి పంపిస్తాను. ఊహ తప్పవచ్చు, పర్వాలేదు. ఆరో దానికి జవాబు ఖాళీగా ఉంటే మాత్రం ఫోన్ చేసి అరుస్తాను. పేజీ బాగుంటే దాన్ని సాధించడానికి ఏ పరికరం కావాలో అప్పుడు ఇద్దరం కూర్చుని తేలుద్దాం. అప్పుడు నువ్వు అడిగిన ప్రశ్నకి జవాబు దానంతటదే వస్తుంది.

మీ అమ్మకీ నాన్నకీ మా అందరి నమస్కారాలు చెప్పు. హాస్టల్ అడ్రసు ఖరారు కాగానే రాయి, ఆవకాయ పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ పిన్ని